నిదానం

మా అమ్మాయి బోర్లా పడిందన్న సంగతి నాకు బొబ్బట్లు చెప్పాయి.

ఆ సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చి లిఫ్టు తలుపు తీసేసరికి మూడో అంతస్తు వరండా అంతా నేతి వాసన. లోపల మా అత్తగారు సుభద్రమ్మ గారు పెనం మీద ఆఖరి బొబ్బట్టు తిప్పుతున్నారు. "మీ వకుళ పొద్దున పదకొండింటికి బోర్లా పడిందమ్మా హైమా. పడి, తనే ఆశ్చర్యపోయి మా వంక చూసింది," అన్నారు. వకుళ అప్పటికే నిద్రపోయింది. నేను భుజాన బ్యాగు దించకుండానే, చెప్పులతోనే నిలబడి ఒక బొబ్బట్టు తిన్నాను.

తర్వాత కూర్చున్న రోజు కుడుములు. పాకిన రోజు పాయసం. నా వాటా గ్లాసులో పోసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచారు. గడప దాటిన రోజు గారెలు. పిల్ల ఏ కొత్త పని చేస్తే దానికో వంట చేసి ఇరుగుపొరుగుకి పంచడం మా ఇళ్లలో ఉన్నదే. కానీ నా విషయంలో అది వేరేగా తయారైంది. నా కూతురు పెరుగుతున్న కబుర్లన్నీ నాకు వంటింట్లోంచి, చల్లారాక అందేవి.

గారెల రోజు మాత్రం తట్టుకోలేకపోయాను. "వేడి చేసిస్తానుండు," అన్నారు అత్తయ్య. "వద్దులెండి, నాకు ఆకలిగా లేదు," అని కాస్త విసురుగానే అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి గిన్నె మీద మూత పెట్టేశారు. ఆ చూపుని నేను నిష్ఠూరం అనుకున్నాను.

ఇక మిగిలింది అడుగులు. అడుగులకి అరిసెలు వండుతారు. ఏదో ఒక సాయంత్రం లిఫ్టు తలుపు తెరుచుకోగానే బెల్లం పాకం వాసన ముక్కుకి తగులుతుందని నాకు భయం పట్టుకుంది. ఇందులో నవ్వొచ్చే విషయం ఏమిటంటే, పిల్లల చేత తొలి అడుగు వేయించడమే నా ఉద్యోగం.

*

విజయవాడలో మా ల్యాబ్ చిన్నది. పెద్దాయన డాక్టర్ ఇనాయతుల్లా గారు, నేను, ఇంకో ఐదుగురు. ఆరేళ్లు తంటాలు పడి మేము తయారు చేసిన వస్తువు చూడ్డానికి చంటిపిల్లల వెండి పట్టీల్లాగే ఉంటుంది. ఆ ఆకారం నా ఆలోచనే. తీగలూ డబ్బాలూ కడితే తల్లులు భయపడతారు, పట్టీలైతే అమ్మమ్మలే తొడుగుతారు అన్నాను. దానికి 'మువ్వ' అని పేరు పెట్టింది కూడా నేనే.

అది ఏం చేస్తుందో ఇనాయత్ గారు తల్లిదండ్రులకి చెప్పే తీరు నాకు చాలా ఇష్టం. నాలుగేళ్లు నిండినా నడవని పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని అరికాలు తన అరచేతిలో ఆనించుకుని చెప్పేవారు. "పాప కాళ్లకి ఏ లోపమూ లేదమ్మా. నేల మీద నమ్మకం లేదు, అంతే. అడుగెయ్యమని మెదడు చెబుతుంది, మళ్లీ భయపడి సగంలోనే ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. ఈ మువ్వ ఆ సగం మాటని వింటుంది. విని, పర్లేదు, కింద నేలుంది అని అరికాలికి చెబుతుంది. మేము నేల తరఫున పూచీ పడుతున్నామన్నమాట."

జరిగేది అంతే. మువ్వలోని సన్నటి అదురు చీలమండ దగ్గర నరాన్ని తాకి, గట్టి నేలని తొక్కినట్టు అనిపింపజేస్తుంది. కొన్ని వారాలకి మెదడుకి నమ్మకం కుదురుతుంది, పట్టీలు తీసేయవచ్చు. దీనికి 'నడక' అని ఒక మీట. రెండో మీట పేరు 'నిదానం'. తొందరపడి మునివేళ్ల మీద పరిగెత్తి పడిపోయే పిల్లలు కొందరుంటారు. వాళ్లకి ఇది నేల పరుపులా మెత్తగా, లోపలికి దిగిపోతున్నట్టుగా తోపిస్తుంది. పిల్లలు ఆగుతారు, కూర్చుంటారు. నిదానాన్ని ఇరవై నిమిషాలకి మించి వాడకూడదని ఇనాయత్ గారు గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించారు. దాటితే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు," అన్నారు.

వకుళ కాళ్లకి పదో నెల నుంచి మువ్వలున్నాయి. మామూలు పిల్లలకి నడక ఎలా వస్తుందో పోల్చి చూడ్డానికి ఇరవై మంది కావలసి వచ్చి, అందులో పద్నాలుగో నంబరుగా మా అమ్మాయిని చేర్చాను. ఏ మీటా నొక్కకుండా ఊరికే వింటూ ఉండే పట్టీలు అవి. అత్తయ్యకి తెగ నచ్చాయి. ఒక్క స్నానానికి తప్ప తీసేవారు కాదు. పిల్ల గోడ పట్టుకుని ఊగుతుంటే వెనకే చేతులు చాపి నిలబడి, "నిదానం తల్లీ, నిదానం," అనేవారు.

మువ్వలు విన్నదాన్ని బట్టి తొలి అడుగు ఎప్పుడు పడుతుందో మా కంప్యూటర్ ముందే చెప్పేది. ఒసాకాలోని పిల్లల ఆసుపత్రికి నేను బయల్దేరాల్సిన ముందు రోజు, మంగళవారం నాడు, పద్నాలుగో నంబరు పక్కన "ఆరు నుంచి తొమ్మిది రోజులు" అని పడింది. నా ప్రయాణం తొమ్మిది రోజులు.

ఒసాకా అంటే మామూలు మాట కాదు. పుట్టి ఆరేళ్లయినా నడవని హారుకా అనే పాపకి, రెండు వందల మంది డాక్టర్లు చూస్తుండగా మా మువ్వలు తొడగబోతున్నాం. ఇనాయత్ గారు నడుం నొప్పి వల్ల విమానం ఎక్కలేరు. "ఇది నీ బిడ్డ హైమా, నువ్వే నడిపించుకుని రా," అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను. వెళ్లడం మానుకుందామని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇది ఒప్పుకోవాలి.

బుధవారం మధ్యాహ్నం వకుళ మంచం మీద నిద్రపోతోంది. ఒక కాలు దిండు మీద వేసుకుంది. నేను ఫోన్‌లో పద్నాలుగో నంబరు తెరిచి 'నిదానం' నొక్కాను. ఎంతసేపు అని అడిగింది. తొమ్మిది రోజులు అని కొట్టాను. ఇరవై నిమిషాలు దాటాలంటే తల్లి సంతకం ఒకటి, ల్యాబ్ అధికారి సంతకం ఒకటి ఉండాలి. ఒకరు పొరపాటు పడితే రెండోవారు ఆపుతారని ఆ ఏర్పాటు చేయించింది నేనే. తల్లి దగ్గర వేలు పెట్టాను. అధికారి దగ్గర కూడా నేనే వేలు పెట్టాను. ఫోన్ ఇంకేమీ అడగలేదు.

ఆపడం లేదు, వాయిదా వేస్తున్నాను అనుకున్నాను. తొమ్మిది రోజులు ఆలస్యంగా నడిచినంత మాత్రాన పిల్లకి పోయేదేముంది? ఎంతోమంది పిల్లలు పదహారు నెలలకి నడవరా? ఈ ఒక్కటైనా నా కళ్ల ముందు జరగాలి. ఇలాంటి లెక్కలు వేసుకుంటున్నప్పుడు మనిషి లోపలి గొంతు ఎంత ముద్దుగా మాట్లాడుతుందో నాకు ఆ రోజు తెలిసింది.

సూట్‌కేసు మూస్తుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి, "వచ్చే గురువారం కచ్చితంగా వచ్చేస్తావుగా?" అన్నారు. వస్తానన్నాను. కాసేపాగి, "విమానం ఆలస్యమైతే శుక్రవారం అవుతుందా?" అన్నారు. కాదన్నాను. మూడోసారి అడిగేసరికి, "నేనేమైనా విహారానికి వెళ్తున్నానా అత్తయ్యా?" అన్నాను.

"అందుక్కాదులేమ్మా," అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు. మా ఆయన ఫణి నా వంక చూసి ఏదో చెప్పబోయి, నవ్వి ఊరుకున్నాడు.

*

ఒసాకాలో మొదటి ఉదయం, హోటల్ గదిలో, కాఫీ వేడిగా ఉండగానే చివరిదాకా తాగాను. ఏడాదిలో అది మొదటిసారి. నా పేరు రాసిన కార్డు మెళ్లో వేసుకుని ఆసుపత్రి మెట్లెక్కుతుంటే పెళ్లికాని రోజుల్లో నడిచినట్టు నడిచాను. ప్రశ్నలడిగేవాళ్లు, రాసుకునేవాళ్లు, తల పంకించేవాళ్లు. సంతోషంగా ఉన్నాను. చాలా సంతోషంగా ఉన్నాను.

రోజూ ఇంటికి ఫోన్ చేసేదాన్ని. "నిలబడుతోందా?" అని అడిగితే ఫణి, "ఆఁ, చూద్దాం, నువ్వొచ్చెయ్," అని మాట మార్చేవాడు. ఆ మాట మార్చడం నాకు హాయిగా ఉండేది. వాయిదా పనిచేస్తోందన్నమాట.

ఆరో రోజు సోమవారం. హారుకాకి పసుపుపచ్చ గౌను వేసి తీసుకొచ్చారు. కాళ్లు సన్నగా, పొడవుగా ఉన్నాయి. చెక్క కమ్మీ పట్టుకుని నిలబెట్టి, మువ్వలు తొడిగి, నేను 'నడక' నొక్కాను. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆ పిల్ల ఎడమ కాలు ఎత్తింది, వణికింది, దించబోయి ఆగింది. తర్వాత తన పాదం వంక తనే వింతగా చూసుకుని, దాన్ని ముందుకి పెట్టింది. కమ్మీ వదిలి రెండో అడుగు వేసింది. మూడోది తల్లి చేతుల్లోకి.

తల్లి నా దగ్గరికి వచ్చి, నడుం దాకా వంగి, అలాగే ఉండిపోయింది. లేచాక ఏదో అడిగింది. దుభాషి అమ్మాయి చెప్పింది. "మీకు పిల్లలున్నారా అని అడుగుతున్నారు."

"ఒక పాప. ఏడాది నిండుతోంది."

"నడుస్తోందా?"

"ఇంకా లేదు."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని చెప్పిన మాటని దుభాషి నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది. మీలాంటి అమ్మ ఉండగా ఆ పాపకి నేలంటే భయం ఎందుకుంటుంది అని ఆవిడ భావం. నా చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. మర్యాద కాదని అలాగే ఉంచాను.

బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున పదిన్నర. అత్తయ్య ఎత్తారు. గొంతు బొంగురుపోయి ఉంది.

"హైమా, నీకో సంగతి చెప్పాలి. కోప్పడకమ్మా."

"ఏమైంది అత్తయ్యా?"

"పిల్ల కాలు కింద మోపట్లేదు. దించితే చాలు, రెండు కాళ్లూ పొట్టలోకి ముడుచుకుని ఒకటే ఏడుపు. నిలబడటం సరే, పాకడం కూడా మానేసింది. చాప మీద కూర్చోబెడితే కూర్చున్నచోటే ఉంటోంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. నాకు తెలుసు ఏముందో. నేను చేసిన తప్పే ఉంది."

"మీరేం చేశారు?"

"దానికి అడుగులు పడ్డాయమ్మా. నువ్వు ల్యాబ్‌కి వెళ్లావు చూడు, నిన్నటిది కాదు, అంతకుముందు ఆదివారం. తలంటి పోసి, పట్టీలు తీసి ఉంచాను గదా, ఒళ్లు తుడిచి సాంబ్రాణి వేస్తుంటే ఆ పొగని పట్టుకుందామని లేచింది. లేచి మూడడుగులేసింది. ఫణి ఫోన్‌లో తీశాడు కూడా. నేనే తీసేయించాను. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నీ కంటబడుతుందని."

నేను గోడకి ఆనుకున్నాను.

"గారెల రోజు నీ మొహం చూశానమ్మా," అన్నారు అత్తయ్య. "ఈ ఒక్కటన్నా నువ్వే ముందు చూడాలనుకున్నాం. నువ్వొచ్చాక నీ ముందు నడిపించి, అదే మొదటిసారన్నట్టు అరిసెలు వండుదామని. గురువారం వస్తావని రేపు బియ్యం నానబోద్దామనుకున్నా. పడిన అడుగుని దాచిపెట్టాను. పిల్ల పండగ దాస్తే ఎక్కడన్నా మంచి జరుగుద్దా? అందుకే వెనక్కి పోయినయ్యి అడుగులు."

మువ్వలు వినని మూడు అడుగులు. స్నానానికి తీసి గూట్లో పెట్టినప్పుడు పడ్డ అడుగులు. ల్యాబ్‌కి తెలియదు, కంప్యూటర్‌కి తెలియదు, తల్లికి తెలియదు. ఇంట్లో వాళ్లకి తెలుసు. నా కోసమే దాచారు.

ఫోన్ చెవి నుంచి దించి 'నిదానం' ఆపేశాను. మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని, "ముందు ఆ పట్టీలు తీసేయండి అత్తయ్యా," అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఎండలకి ఒరుసుకుంటున్నాయేమో."

అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. ఆ సాయంత్రం ఆసుపత్రివాళ్లు నాకు విందు ఇచ్చారు. వెళ్లాను. హారుకా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. అందులో నవ్వుతున్నాను కూడా.

*

టిక్కెట్టు మార్చుకుని, ఇంటికి చెప్పి, ఒక రోజు ముందే, బుధవారం సాయంత్రం వచ్చాను. లిఫ్టు తలుపు తెరుచుకోగానే బెల్లం పాకం వాసన.

అత్తయ్య పెద్ద పళ్లెం నిండా అరిసెలు పరిచి, హాలు మధ్యలో ముగ్గు వేసి పెట్టారు. "నువ్వూ వచ్చావుగా, ఇక దాపరికం ఏముంది. ఇవాళైనా జరిపిస్తే దోషం పోతుంది," అన్నారు. ఫణి పిల్లని చంకల కింద పట్టుకుని అరిసెల మీదకి నెమ్మదిగా దించాడు. బొటనవేలు తగిలిందో లేదో, వకుళ కాలిపోయినట్టు కెవ్వుమంది. కాళ్లు రెండూ పైకి లాక్కుని, తండ్రి మెడ కరుచుకుంది.

ఆ అరుపు అర్థం ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు. ఆరు రోజుల పాటు, ఎప్పుడు కాలు మోపినా నేల లోపలికి దిగిపోతుందని ఆ మెదడు నేర్చుకుంది. నేల తరఫున పూచీ పడతామని ఊరంతా చెప్పుకున్నదాన్ని, నా కూతురి దగ్గర నేల పేరు చెప్పి అబద్ధం ఆడాను.

అప్పుడే చెప్పాల్సింది. అత్తయ్య అరిసెల పళ్లెం ముందు కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నేను చెప్పకుండా ఉండాల్సింది కాదురా ఫణీ, ఆ రోజే పాకం పట్టాల్సింది," అంటున్నారు. నేను ఆవిడ వీపు నిమిరాను. నోరు మాత్రం విప్పలేదు.

పదకొండు రోజులు విప్పలేదు. ఎవరూ చూడకుండా నేనే బాగు చేసేస్తే ఇక చెప్పాల్సిన అవసరమే ఉండదనుకున్నాను. మధ్యాహ్నాలు తలుపు వేసుకుని మువ్వలు తొడిగి 'నడక' నొక్కి చూశాను. వకుళ మువ్వల్ని చూస్తూనే కాళ్లు దాచుకునేది. బలవంతంగా తొడిగితే ఒంగి, వాటిని రెండు చేతులతో పీక్కునేది. దాని పన్నెండు నెలల బుర్రకి కూడా తెలిసిపోయింది, నేనే తెలియనట్టు ఉన్నాను.

ఆ పదకొండు రోజులూ అత్తయ్య రాత్రిపూట అన్నం మానేశారు. పదకొండో రోజు ఆదివారం పొద్దున్నే అమ్మవారి కొండకి మెట్ల పూజకి బయల్దేరారు. ఒక్కో మెట్టుకీ పసుపు రాసి, బొట్టు పెట్టి ఎక్కాలి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మా ఇంటి మెట్లే ఎక్కలేరు. ఫణి వద్దంటే వినలేదు. "దాని అడుగులు నేను పోగొట్టాను. అన్ని అడుగులూ నేనే ఎక్కి తెస్తాను," అన్నారు.

నేను పిల్లని ఎత్తుకుని వెనక నడిచాను. ఫణి కింద చెప్పుల దగ్గర ఆగిపోయాడు. అత్తయ్య మెట్టు మెట్టుకీ వంగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, చేత్తో మోకాలు పట్టుకుని లేచేవారు. ముప్పై మెట్లకే చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. నలభై దాటాక లేవబోయి లేవలేక, నా వంక చూసి చిన్నపిల్లలా నవ్వారు. ఆ నవ్వుకి తట్టుకోలేకపోయాను.

"అత్తయ్యా, ఆగండి. మీ తప్పు కాదు. నేను చేశాను."

ఆవిడ మెట్టు మీదే కూర్చున్నారు. నిలబడే చెప్పాను. నిదానం మీట, తొమ్మిది రోజులు, రెండు సంతకాలు, ఒసాకా నుంచి చెప్పిన ఎండల మాట, విందు, అన్నీ. జనం మమ్మల్ని తప్పుకుని ఎక్కిపోతున్నారు. వకుళ నా మెళ్లో గొలుసు నోట్లో పెట్టుకుని ఉంది.

అత్తయ్య పసుపు వేళ్ల వంక చూసుకున్నారు.

"నువ్వు చూడాలనే గదా నేను దాచింది," అన్నారు చివరికి.

"అవునత్తయ్యా."

"నువ్వు చూడాలనే నువ్వూ ఆపావు."

"అవును."

"దాన్ని ఎవరమూ అడగలేదు." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. పసుపు కుంకాల పళ్లెం ఎత్తి నా చేతికి ఇచ్చి, పిల్లని తన ఒళ్లోకి తీసుకున్నారు. "నా మోకాళ్లు లేవట్లేదు. మిగతావి నువ్వు పెట్టు."

ఎన్ని మెట్లో లెక్కపెట్టలేదు. పెట్టుకుంటూ ఎక్కాను. దేవుడి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా ఏ ఒక్క మెట్టూ వదల్లేదు.

కిందకి వచ్చాక ఫణికి చెప్పాను. అతను బండి తాళాలు గుప్పిట్లో అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు మనిషివేనా అని అడగాలని ఉంది హైమా. అడిగితే మళ్లీ వెనక్కి తీసుకోలేను. అందుకని అడగను," అన్నాడు. చాలా రోజులు అవసరమైన మాటలే మాట్లాడాడు. అది న్యాయమే.

*

ఇనాయత్ గారి ముందు మర్నాడు కూర్చున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, గోడ మీద తను రాయించిన ఎర్ర అక్షరాల వంక చూశారు. "ఇరవై నిమిషాలు దాటితే ఏమవుతుందని అడిగావు గుర్తుందా? ఇప్పుడు తెలిసింది," అన్నారు. కాసేపటికి, "ఇది రాయాలి. నీ చేత్తోనే రాయాలి. ఒసాకాకి ఇవాళే చెప్పాలి," అన్నారు.

అన్ని పట్టీల్లోంచీ 'నిదానం' తీసేశారు. హారుకాకి ఏ ఇబ్బందీ లేదు. దానికి 'నడక' తప్ప ఏదీ నొక్కలేదు. నన్ను ఆ పని నుంచి తప్పించారు. ఐదు నెలలు ఇంట్లో కూర్చుని నివేదిక రాశాను. అందులో నా కూతురి పేరు లేదు. "పద్నాలుగో నంబరు: నేలని నమ్మడం మానేసింది" అని ఒక వరుస ఉంది. ఆ వరుస రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మధ్యలో హారుకా తల్లి రెండుసార్లు ఉత్తరం పంపింది. రెండింటిలోనూ చివర, మీ పాప నడిచిందా అని ఉంది. జవాబు రాయలేదు.

ఐదు నెలలూ పిల్లని మేమెవరం నిలబెట్టలేదు. ఇనాయత్ గారు ఇంటికి వచ్చి చెప్పిన వైద్యం ఒక్కటే: నేల మీద దాన్ని వదిలి, మీరూ నేల మీదే ఉండండి. మంచాలు, కుర్చీలు ఎత్తేశాం. తిండి, నిద్ర, నా రాత, అత్తయ్య కూర తరగడం, అన్నీ చాప మీదే. మూడో నెలలో వకుళ మళ్లీ పాకింది. అత్తయ్య వంట ఏదీ చేయలేదు. నాలుగో నెలలో నా భుజం పట్టుకుని అర నిమిషం నిలబడింది. నేను ఊపిరి బిగపట్టి నివేదికలో అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ కొడుతూ ఉండిపోయాను.

ఒక సోమవారం పొద్దున వంటింట్లో మూత పెట్టిన గిన్నె కనిపించింది. మూత తీస్తే బియ్యం నానుతున్నాయి. మంగళవారం అత్తయ్య నీళ్లు మార్చారు. బుధవారం మళ్లీ మార్చారు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇద్దరమూ ఆ గిన్నె పక్కనుంచి మెల్లగా తప్పుకుని తిరిగాం.

గురువారం నాడు నివేదిక అప్పజెప్పడానికి ల్యాబ్‌కి వెళ్లాల్సి వచ్చింది. ఐదు నెలల్లో నేను పగలంతా ఇంట్లో లేనిది ఆ ఒక్క రోజే. విచారణ కమిటీవాళ్లు ప్రశ్నలన్నీ అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. బయటపడేసరికి ఏడయింది.

లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది.

బెల్లం పాకం వాసన.

నేను బయటికి రాలేదు. తలుపు తనంతట తనే మూసుకుని, మళ్లీ తెరుచుకుంది. ఈ వాసనకి భయపడే నేను అంత పని చేశాను. ఇప్పుడు అదే వాసన కోసం ఐదు నెలలుగా ముక్కుతో కాచుకుని కూర్చున్నానని అప్పుడు తెలిసింది. గోడ పట్టుకుని నడిచాను.

తలుపు తీసే ఉంది. అత్తయ్య అరిసెల చెక్కల మధ్య ఆఖరి దాన్ని పెట్టి నెయ్యి ఒత్తుతున్నారు.

"ఈసారి దాచలేదమ్మా," అన్నారు తలెత్తకుండా. "పదకొండింటికి. స్నానం చేయించాక. రెండడుగులేసి, మూడోదానికి కూలబడి, తనే నవ్వుకుంది. ఫణి నీకు ఫోన్ చేస్తానన్నాడు. వద్దన్నాను. ఇంటికొస్తే వాసనే చెబుతుందిలే అన్నాను."

ఫణి చాప మీద ఉన్నాడు. పక్కన వకుళ నిద్రపోతోంది, అరికాళ్లకి నెయ్యి అంటుకుని ఉంది. అతను కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

నేను చూడలేదు. ఏడ్చి సాధించలేదు, మళ్లీ నడిపించమని అడగలేదు. ఆ రెండు అడుగులూ దానివి. నాకు సిగ్గుగా ఉంది, ఇప్పటికీ ఉంది, అది ఎక్కడికీ పోదు. హారుకా తల్లికి రేపు జవాబు రాయాలి అనుకున్నాను. ఏం రాయాలో మాత్రం తెలియలేదు.

అత్తయ్య ఒక పళ్లెంలో ఒకే ఒక్క అరిసె తెచ్చి ఇచ్చారు. "సాయంత్రం మొదటి వాయిలోది, దీని మీదే తొక్కింది. నీ కోసం పక్కన పెట్టాను. చల్లారిపోయింది, వేడి చెయ్యమంటావా?"

"వద్దత్తయ్యా. ఇలాగే తింటాను."

దాని మీద ఒక పక్క చిన్న మడమ గుర్తు ఉంది, ఉసిరికాయంత. బ్యాగు దించి, చెప్పులు గుమ్మం బయట విప్పి వచ్చి, చాప మీద పిల్ల పక్కన కూర్చున్నాను. అరిసెని రెండో పక్క నుంచి తినడం మొదలుపెట్టి, మడమ గుర్తున్న ముక్క దగ్గరికి వచ్చాక ఆగిపోయాను.